ఉప్పు వర్తకుడు చెక్కించిన పడక

ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. నేనెన్నడూ చూడని కొండను కళ్ళారా చూశానని రాసి, కింద సంతకం పెట్టాను.

ఎనభైల మొదట్లో కువైట్‌లో ఒకరి ఇంట్లో పనిచేసేదాన్ని. పదో తరగతి చదివానని అక్కడ ఎవరికీ చెప్పలేదు. వంటింటి వెనక గదిలో డైరీ రాసుకుంటుండగా డ్రైవరు ఒక్కడే చూశాడు. ఆయనది మదురై దగ్గర పల్లె. ఏళ్ళ తరబడి కడపవాళ్ళతో ఒకే గదిలో ఉండటంతో మా యాసలోనే మాట్లాడేవాడు.

చదువు రాని ఆయనకు ఇంటి కబుర్లు క్యాసెట్లలో వచ్చేవి. ఒక మధ్యాహ్నం నన్ను కారు దగ్గరికి పిలిచి ఒకటి వినిపించాడు. తమ్ముడి గొంతు వెనక ఆగకుండా డ్రిల్లు మోత.

"మా కొండ పాపా. రాయి కోసం తొలుస్తాండారు. రెండు నెల్లల్లో గుహ దాకా వస్తారంట. గవర్నమెంటుకు ఇంగ్లీషులో అర్జీ రాసిపెట్టు."

"నాకంత ఇంగ్లీషు రాదన్నా."

"మరి ఆ నోటుబుక్కులో ఏం గీకుతాండావు? మామా మీద చాడీలా?"

నవ్వేశాను. మేం మామా అని పిలిచే యజమానురాలి మీద చాడీలు అందులో ఉన్న మాట నిజమే.

గుహ గురించి ఆయన చెబుతుంటే రాసుకున్నాను. లోపల జైన సన్యాసుల కోసం నున్నగా చెక్కిన రాతిపడకలు. వాననీళ్ళు లోపలికి కారకుండా గుహ నుదుటి మీద పొడవాటి గాడి. దాని కింద రెండువేల ఏళ్ళనాటి తమిళ అక్షరాలు. చిన్నప్పుడు, వాటి నకలు తీసే ఆఫీసర్లకు ఆయనే కొండమీదికి నీళ్ళు మోశాడట. తడి కాగితం రాతికి అతికించి, అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్షుతో కొట్టి, కాస్త ఆరాక పైన సిరా అద్దేవారట. అంచు చిరిగిందని వాళ్ళు పక్కన పడేసిన నకలు ఒకటి ఆయన పెట్టెలో ఉంది. విప్పి చూపించాడు. నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు.

"ఈ పడక చెక్కిచ్చింది ఉప్పు యాపారి అని ఆఫీసరు చదివి చెప్పినాడు."

రాజు కాదు, మంత్రి కాదు. ఉప్పు అమ్ముకునేవాడు. ముక్కూ మొహం తెలియని సన్యాసులు నడుం వాల్చడానికి రాయిని నున్నగా చేయించాడు. ఆ పూట పనిచేస్తున్నంతసేపూ నాకు అతని ధ్యాసే.

అర్జీకి నాలుగు రోజులు పట్టింది. ఆ నకలును కూడా జతచేయమన్నాడు.

"ఒక్కటే కదన్నా ఉండేది? పోతే?"

"కొండే పోయినాక ఈ కాగితం నేనేం చేసుకోను?"

వేలిముద్ర వేసి, చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడు. ఒక్క వేలిముద్రను ఎవరు లెక్కచేస్తారనిపించింది. నేనూ ఆ ఊరిదాన్నేననీ, ఆ అక్షరాలు కళ్ళారా చూశాననీ రాసి సంతకం పెట్టాను. నలుగురిలో నోరు విప్పలేని నేను, ఆయన తిరిగి వచ్చేలోగా కవరు అంటించేశాను. ఆయన ఊరివాడొకడు సెలవుకు వెళ్తుంటే అతని చేతికి ఆ కవరు ఇచ్చాం.

మూడు నెలల తర్వాత క్యాసెట్ వచ్చింది. ఆఫీసర్లు వచ్చి కొండ కొలిచారట, గుహ దాకా రాకముందే పని ఆపించారట. తమ్ముడి గొంతు వెనక మేకల అరుపులు తప్ప ఇంకే చప్పుడూ లేదు. ఆయన స్టీరింగు మీద తల ఆన్చి దాన్నే మళ్ళీ మళ్ళీ విన్నాడు. నకలు మాత్రం తిరిగి రాలేదు.

మరుసటి ఏడాది ఇఖామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్టు, ముగించుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. గేటు దగ్గర పెట్టె కింద పెట్టి, నావైపు తిరిగి అన్నాడు:

"మా కొండ ఎక్కేటప్పుడు చెప్పులు కిందనే ఇడిసిపెట్టు పాపా. బక్తికి కాదులే, రాయి జారతాది."