ఒక్కసారే వినిపించిన పెద్దనాయన

పక్కింటి పెద్దనాయన పోయారన్న మాట శనివారం పొద్దున గోడ అవతలి నుంచే వినబడింది. మరునాడు చెన్నైలో నా జపనీస్ పరీక్ష. పది గంటలకు బస్సు. సంచి భుజాన వేసుకుని వాళ్ల వాకిట్లో నిలబడిపోయాను.

నేను నర్సింగు చదివాను. జపాన్‌లో ముసలివాళ్లను చూసుకునే ఉద్యోగానికి ఆ పరీక్ష గట్టెక్కాలి. అప్పటికే రెండుసార్లు తప్పాను, రెండుసార్లూ వినే భాగంలోనే. ఆడియో ఒక్కసారే వేస్తారు. నాకేమో రెండోసారి వింటేగానీ తలకెక్కదు. ఈసారీ తప్పితే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు.

బద్వేలు బస్టాండుకు వెళ్లినవాళ్లు పెద్దనాయన గొంతు విని ఉంటారు. ముప్పై ఏళ్లు మైకులో బస్సుల పేర్లు చెప్పిన మనిషి. జపనీస్ ఒక్క ముక్క రాదు. రెండోసారి తప్పినప్పుడు నా గోడు విని నవ్వారు.

"నేను ప్రతి బస్సూ రెండుమార్లు చెప్తాంటి. మొదటిమారు ఎవురూ ఇంటాండ్లేదు. రెండోది ఉండాదని తెలిస్తే మొదటిది ఎవురింటారు పాపా?"

ఆ రోజు నుంచి నా ఫోను ఆయన చేతికి పోయింది. సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆడియో వేసి, అయిపోగానే పంచె మడతలో దోపుకునేవారు. బతిమాలినా, అలిగినా మళ్లీ వేయరు. పోయిన ప్రశ్న దగ్గరే నేను గింజుకుంటుంటే, "అది పాయె. యాడ చూస్తాండావు? వచ్చే బస్సు చూడు" అనేవారు.

ఆయన భార్య పెద్దమ్మకు చెవుడు. ఆమెకు మాత్రం ఎన్నిసార్లయినా విసుక్కోకుండా చెప్పేవారు. అది చూసి ఒకరోజు నాకు ఒళ్లు మండింది. "ఈ భాష గురించి మీకేం తెలుసు?" అనేశాను. మర్నాడు ఆయన నాకంటే ముందే వచ్చి అరుగు మీద కూర్చున్నారు. తప్పయిందని చెప్పాలని రోజూ అనుకున్నాను. చెప్పనేలేదు. దానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఆ శనివారం పెద్దమ్మ నా సంచి చూసి, ఏడుస్తూనే లేచి వచ్చింది. "పో పాపా. ఈడ నిలబడితే ఆయనే తిడతాడు. బస్సు నీ కోసరం ఆగదు."

వెళ్లాను. పరీక్షలో ఆయన గుర్తొచ్చి మూడో ప్రశ్న చెవికే ఎక్కలేదు. అది పాయె అనుకుని నాలుగోది విన్నాను.

మొన్న ఫలితం వచ్చింది. పరుగున వెళ్లి, అరుగు మీదున్న పెద్దమ్మతో, "పాసయినా పెద్దమ్మా" అన్నాను. ఆమెకు వినబడలేదు. ఆయన చెప్తారని, అలవాటుగా పక్కకు తిరిగింది.

నేను ఆమె చెవి దగ్గరికి వంగి రెండోసారి చెప్పాను.