ఫొటో కింద ఒక్క మాట

మా డిగ్రీ కాలేజీలో ఏటా మ్యాగజైన్ వేస్తారు. ఆ పని ఎవరి నెత్తిన పడుతుందోనని స్టాఫ్‌రూములో అందరూ తలలు దించుకుని కూర్చుంటారు. పోయినేడు నేను తలెత్తాను, నా ఖర్మ. ప్రిన్సిపాల్ గారు నన్ను చూసి, "మీరైతే పిల్లల్తో ఇట్టే కలిసిపోతారండీ మేడమ్" అన్నారు. ఎనిమిది మంది ఫైనలియర్ పిల్లలతో కమిటీ వేసి నా చేతిలో పెట్టారు.

కలిసిపోవడం సంగతి తర్వాత, అసలు కనపడితేగా! నాలుగింటికి మీటింగంటే నాలుగున్నరకి ఇద్దరు వచ్చేవాళ్ళు. ఒకడికి చిలకలూరిపేట బస్సు వెళ్ళిపోతుంది, ఒకామెకి తలనొప్పి. పునుగులు తెప్పించాను. పొట్లం ఖాళీ చేసి చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు. ఒళ్ళు మండి అరిచాను. మర్నాడు ఆ వచ్చే ఇద్దరిలోనూ ఒకడు మానేశాడు. బతిమాలితే వినరు, తిడితే రారు, ఏం చెయ్యమంటారు నన్ను?

మిగిలిన ఆ ఒక్క అమ్మాయి మాత్రం ఒక్క మీటింగూ ఎగ్గొట్టలేదు. పెదకాకాని అవతల ఏదో పల్లె. మిరప కోతల రోజుల్లో వారానికి రెండు రోజులు తల్లితో కూలికి వెళ్ళేది. మర్నాడు క్లాసుకొచ్చినా ఆ ఘాటు బట్టల్ని వదిలేది కాదు, పక్క బెంచీ వాళ్ళు తుమ్మేవాళ్ళు. ప్రూఫులు దిద్దడంలో నాకంటే నయం.

"మా ఇంట్లో పుస్తకంలో పేరు పడటం నాదే మొదలు మేడమ్" అందోసారి. "మా అమ్మ రోజూ అడుగుద్ది. ఎప్పుడొచ్చిద్ది, నీ గురించి ఏం రాస్తారు అని."

నాకు ఆలోచన తట్టింది ఆ మాట విన్నాకే. ఫైనలియర్ వాళ్ళ ఫొటోల కింద ఒక్కొక్కరి గురించి సరదాగా ఒక్కో మాట. కమిటీయే కూర్చుని రాయాలి.

అబ్బ, ఏం మారిపోయారండీ! బెల్లు కొట్టకముందే వచ్చి కుర్చీల కోసం కొట్టుకునేవాళ్ళు. క్లాసులో నిద్రపోయే వాడి కింద 'లేపితే ఊరుకోడు' అని రాశారు. అద్దం వదలని పిల్ల కింద 'సెల్ఫీ తర్వాతే శ్వాస' అని రాశారు. ఒకడు అనగానే ఇంకొకడు అందుకునేవాడు. నేనూ పడీపడీ నవ్వాను. పక్కగది లెక్చరర్ వచ్చి, "ఏం చేస్తున్నారండీ వీళ్ళని" అని అడిగితే నాకెంత గర్వమో!

ఆ ఊపులో ఈ అమ్మాయి వంతు వచ్చింది.

"దగ్గరికెళ్తే తుమ్ములు గ్యారంటీ!" అన్నాడు ఒకడు.

గది ఘొల్లుమంది. నేనూ నవ్వాను. ముందు నవ్వి, ఆ తర్వాత ఆమె వైపు చూశాను. ఆమె కూడా నవ్వుతూనే ఉంది, కాకపోతే చేతులు రెండూ బల్ల కిందకి పెట్టేసుకుంది.

"ఏమ్మా, పర్లేదా? వద్దంటే తీసేద్దాం" అన్నాను.

ఏడుగురూ ఆమె మొహంలోకే చూస్తున్నారు.

"పర్లేదు మేడమ్. సరదాకేగా" అంది.

అందరి ముందూ అడిగితే ఇంకేమంటుంది? ఆ మాత్రం తెలీదా నాకు? తెలుసు. నేను తీసేయమంటే వీళ్ళ మొహాలు మాడిపోతాయి, రేపట్నుంచి మళ్ళీ ఒక్కడూ రాడు, సోమవారం కల్లా ప్రెస్సుకి ఇవ్వాలి. నోరు మూసుకున్నాను. ఆ పేజీ ప్రూఫు కూడా ఆ అమ్మాయే దిద్ది తెచ్చింది. తీసుకుని ఫైల్లో పెట్టాను.

పుస్తకం వచ్చింది. ఇంత హుషారైన మ్యాగజైన్ ఎప్పుడూ రాలేదన్నారు ప్రిన్సిపాల్ గారు. వారం తిరక్కుండా ఆ అమ్మాయి తల్లి నన్ను వెతుక్కుంటూ స్టాఫ్‌రూముకి వచ్చింది.

"వందనాలమ్మా" అంటూ పేపర్లో చుట్టిన పుస్తకం బయటికి తీసింది. వెనకే కూతురు పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా, మేడమ్ గారికి పనుంది, పద."

"ఉండవే! నాకు సదువు రాదు గదమ్మా. దీన్నడిగితే రేపు సదువుతా, ఎల్లుండి సదువుతా అంటంది. ఈ ఫొటో కింద ఏం రాశారో మీరన్నా చెప్పండి."

పేజీ తెరిచి నా ముందు పెట్టింది. ఆ అమ్మాయి వైపు చూడ్డానికి ధైర్యం చాల్లేదు.

"క్లాసులో అందరికంటే ఓపిక గల అమ్మాయి. పట్టిన పని మధ్యలో వదలదు" అన్నాను అక్షరాల కింద వేలు జరుపుతూ. మూడు మాటల్లో అంత సంగతి ఎలా పట్టిందో పాపం ఆమెకేం తెలుసు?

తల్లి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఇంకొక్కసారి సదవండమ్మా. ఇంటికాడ మా ఆయనకి చెప్పాల."

ఏం చెప్పానో నాకు గుర్తు రాలేదు. ఒట్టు, ఒక్క ముక్క గుర్తు రాలేదు. వేలు మళ్ళీ మొదటి అక్షరం కిందకి తెచ్చాను.

అప్పుడా అమ్మాయి నా భుజం మీదుగా పుస్తకంలోకి వంగింది.

"క్లాసులో అందరికంటే ఓపిక గల అమ్మాయి. పట్టిన పని మధ్యలో వదలదు" అని తడుముకోకుండా చదివింది. "మేడమ్ గారే రాశారమ్మా."

"దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాల తల్లీ" అంటూ ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. విడిపించుకోలేకపోయాను.