గడప దాటిన పాదరసం

ఆ రోజుల్లో తార్నాకలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. అన్న యూనివర్సిటీ ఫిజిక్స్ ల్యాబులో పిల్లలకు ప్రయోగాలు చేయించేవాడు. నేను అదే క్యాంపస్‌లో బీఎస్సీలో కొత్తగా చేరాను. పక్కన యూనిట్ లేకుండా అంకె చెబితే అన్నకు తిక్క లేచేది. బియ్యం ఐదు తెమ్మని వదిన అంటే, "ఐదు ఏంది? కిలోలా, గింజలా?" అనేవాడు.

"గింజలే తెండి. లెక్కపెట్టుకుంట కూసోండి," అని వదిన పగలబడి నవ్వేది. ఆమె ఉంటే ఇల్లు ఇల్లులా ఉండేది.

వదినకు తల్లి లేదు. అందుకని కాన్పుకు మా అమ్మే ఊరి నుంచి వచ్చింది. ఇంట్లోనే ఆడపిల్ల పుట్టింది. మర్నాటికే వదినకు జ్వరం తగిలింది. పాలు పడేటప్పుడు ఒళ్ళు వేడెక్కుతుందిలే అంది అమ్మ. అన్నకు మనసొప్పక ల్యాబు నుంచి థర్మామీటర్ తెచ్చాడు.

పురుడు వెళ్ళేదాకా మగవాళ్ళు బాలింత ఉన్న గదిలోకి పోకూడదు. "గాడనే ఉండు బిడ్డా, లోపలికి రావద్దు," అంది అమ్మ. అంత చదివినవాడు మారుమాట లేకుండా వసారాలో నిలబడిపోయాడు. ఆ వినయం మీద నాకిప్పటికీ కోపమే.

వదిన చంకలో థర్మామీటర్ పెట్టి, కాసేపాగి, వసారాలోకి తెచ్చి ఇచ్చేదాన్ని. బయట చలి వణికిస్తోంది. అన్న దాన్ని కంటికి సమంగా పట్టుకుని, రెండు గీతల మధ్య సందును కూడా పది భాగాలుగా ఊహించి చదివేవాడు. ముప్ఫై ఏడు పాయింట్ ఎనిమిది. దాన్ని ఫారన్‌హీట్‌లోకి మార్చి, "నూరే ఉన్నది," అన్నాడు.

"ఒళ్ళు కాలిపోతున్నది అన్నా."

"చేతికి అట్లనే అనిపిస్తది. చేతిని నమ్మొద్దనే గదా ఇది తెచ్చింది."

మర్నాడూ దాదాపు అదే అంకె. ఆ తర్వాతి పొద్దున వదిన మాట తడబడింది. డాక్టరమ్మ వచ్చి తన థర్మామీటర్ పెట్టి చూసింది. నూటనాలుగు. "ఇన్ని దినాలు ఏం చేసిన్రు?" అని మండిపడింది. ఆస్పత్రికి తీసుకుపోయాం. వదిన తిరిగి రాలేదు.

కొన్నాళ్ళకు కాలేజీలో వేడినీళ్ళ ప్రయోగం వచ్చింది. "నీళ్ళలో ఉండగానే చదవండి," అంది మా లెక్చరర్. "జ్వరం చూసేదాంట్లో పాదరసం దిగిపోకుండా గొట్టంలో నొక్కు ఉంటుంది. దీనికి లేదు. బయటికి తీస్తే దిగిపోతుంది."

అన్న ల్యాబు నుంచి తెచ్చిందీ ఇలాంటిదే. నేను వసారాలోకి తెచ్చేలోపే పాదరసం దిగిపోయేది. అన్న అంత శ్రద్ధగా చదివింది ఆ దిగిపోయిన అంకెనే.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అన్న వసారాలో పాపను ఎత్తుకుని కూర్చున్నాడు. నేను థర్మామీటర్ మాట ఎత్తగానే ఆపాడు.

"తెల్సు. డాక్టరమ్మ నూటనాలుగు అన్నప్పుడే తెల్సింది. లోపలికి పోయి, చంకల ఉండంగనే చూస్తే సరిపోయేది." వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "అమ్మకు చెప్పకు. గడప కాడ ఆపింది తానేనని తెలిస్తే బతకది."

ఇంతలో అమ్మ పాలు కాచి తెచ్చింది. పాపను ఒళ్ళోకి తీసుకుంటూ, అప్పటికి ఎన్నిసార్లు అడిగిందో మళ్ళీ అదే అడిగింది.

"నూరే ఉండె గదరా జ్వరం. గంతల్నే ఎట్ల పాయె పిల్ల?"

"ఏమో అమ్మా," అన్నాడు అన్న.