ఆకు వెనక రెండు తెల్ల గీతలు

2022 వానాకాలం. కామారెడ్డిలో మా మూలికల దుకాణానికి సరిగ్గా ఎదురుగా సాయిలు దుకాణం తెరిచి అప్పటికి మూడేళ్లు. అతను పని నేర్చుకున్నది మా నాన్న దగ్గరే. "సాయిలుకు ముట్టుకుంటే తెలుస్తది, నీకు డబ్బా మీది చీటీ చూస్తెగాని తెల్వది" అని నాన్న నా ముందే అనేవాడు. ఆ మాట నాకు ఇప్పటికీ అరగలేదు.

దగ్గుకు వాడే తాళీసపత్రం మన ప్రాంతపు ఆకు కాదు. హిమాలయాల్లో మంచు పడే ఎత్తున, దేవదారు కుటుంబపు చెట్టుకు సన్నగా, సూదుల్లా వస్తుంది. ఆ ఏడు సాయిలు దాన్ని అమ్మడం మానేశాడని తెలిసి లోలోపల సంతోషపడ్డాను. వెంటనే హైదరాబాద్ హోల్‌సేల్ నుంచి బస్తా తెప్పించాను. సరుకు పచ్చగా నిగనిగలాడుతోంది.

ఆ బస్తాకు మొదటి గిరాకి ఎల్లారెడ్డి నుంచి బస్సులో వచ్చే లచ్చవ్వ. బీడీలు చుట్టి చుట్టి పొడి దగ్గు పట్టుకున్న మనిషి. ఏళ్లుగా సాయిలు దగ్గరే కొనేది. అతను లేదన్నాడట, నా మెట్లెక్కింది. పొట్లం కట్టే ముందు ఆకు తిరగేసి వెనకవైపు చూడాలన్నది నాన్న పెట్టిన పద్ధతి. ఆ రోజు నా చూపంతా ఎదురు దుకాణం మీదే ఉంది. సాయిలు చూడాలని గుమ్మంలో నిలబడి మరీ పొట్లం ఇచ్చాను.

పావుగంటలో సాయిలు అదే పొట్లంతో రోడ్డు దాటి వచ్చాడు. బస్సెక్కే ముందు లచ్చవ్వ అతనికి చూపించిందట. నా దగ్గరున్న ఇద్దరు గిరాకులు వెళ్లేదాకా ఆగి, ఒక ఆకు నా అరచేతిలో బోర్లా పెట్టాడు.

"తెల్ల గీతలు ఏవి అన్నా?"

అసలు తాళీసపత్రం వెనక రెండు తెల్ల గీతలుంటాయి. దీనికి లేవు. అదే పేరుతో బజారుకొచ్చే మరో కొండచెట్టు ఆకు ఇది, గుండెను ఆపగల విషం. అవ్వ తిన్నదా అని అడిగాను.

"లేదు. నేనే గుంజుకున్న."

మరి నువ్వెందుకు మానేశావన్నాను.

"ఆకు కోసం కొమ్మలే నరుకుతున్నరట. రెండు చెట్లూ తరిగిపోతున్నయ్. దొరకని కొద్దీ గిట్ల కలుపుతున్నరు. మన కంచెల పొంట అడ్డసరం ఉండంగ, దగ్గుకు గదెందుకన్నా?"

బస్తా మొత్తం పూడ్చిపెట్టాను. సాయిలు ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నిజం చెప్పాలంటే నన్ను ఎక్కువ కాల్చింది అదే. చెప్పి ఉంటే కనీసం తిట్టుకునేవాణ్ని.

ఇప్పుడు ప్రతి ఆకూ తిరగేస్తాను. తాళీసపత్రం అడిగినవాళ్లను అడ్డసరం తీసుకోమని సాయిలు దగ్గరికి పంపిస్తాను. వాళ్లు రోడ్డు దాటుతుంటే కడుపు మండుతుంది. అయినా పంపిస్తాను.