జంగయ్యనడుగు

పటాన్‌చెరు దగ్గరి ఆ రంగుల ఫ్యాక్టరీలో దేవుడి తర్వాత అన్నీ తెలిసినవాడు డ్రైయర్ ఆపరేటర్ జంగయ్య. దేవుణ్ణి పిలిస్తే పలకడు, జంగయ్య పలుకుతాడు, అంతే తేడా. రంగుపొడి ఆరిందో లేదో చిటికెడు వేళ్ల మధ్య నలిపి చెప్పేవాడు. మీటర్లు ఆ తర్వాత తీరిగ్గా ఒప్పుకునేవి. ఎవరికి ఏ అనుమానం వచ్చినా "జంగయ్యనడుగు" అనడమే అక్కడి పద్ధతి.

ఆయనకు యాభై ఎనిమిది నిండబోతున్నాయి. కూతురు హర్షిణి నర్సింగు చదువు ఇంకా రెండేళ్లుంది. ఆ రెండేళ్లు ఉద్యోగం పొడిగించమని అర్జీ పెట్టుకున్నాడు. మనుషుల మీద ఆధారపడటం ఫ్యాక్టరీకి మంచిది కాదని మేనేజర్‌గారు సెలవిచ్చి, అక్కడి నాలుగు డ్రైయర్లకూ సాఫ్ట్‌వేర్ రాయమని నిషితకు నెల గడువిచ్చారు.

ప్రోగ్రాములు రాసే నిషిత వారం రోజులు ఆయన వెనకాలే తిరిగి నోటుబుక్కు నింపింది. నలిపి చూడటాన్ని లెక్కలో పెట్టడం మాత్రం ఆ పిల్ల తరం కాలేదు. విసుగెత్తి, ప్రోగ్రామింగ్ భాషకే కొత్త ఆజ్ఞను చేర్చే మాడ్యూల్ ఒకటి తమాషాకు రాసింది. ఆ ఆజ్ఞ పేరు 'జంగయ్యనడుగు'. అది తగిలినచోట ప్రోగ్రాం ఆగి, జంగయ్య ఫోనుకు ప్రశ్న పంపి, ఆయన జవాబు ప్రకారం నడుస్తుంది. అసలుది కుదిరాక తీసేద్దామనుకుంది. కుదరలేదు.

జంగయ్య పొడి నలిపి చూసి, ఫోనులో జవాబు కొట్టేవాడు. తెరమీద అన్నీ సరిగ్గా రావడం చూసి మేనేజర్‌గారు పొంగిపోయారు.

"సార్, అండ్ల ఒకటి చెప్పాలె..." అని నిషిత అనబోయింది.

"రిజల్ట్ ముఖ్యమమ్మా" అని ఆయన చేత్తోనే ఆపేశారు.

నెలాఖరున జంగయ్య అర్జీ తిరస్కరించి, శాలువా కప్పి, గేటుదాకా సాగనంపారు. గేటు దగ్గర నిషిత కళ్లనీళ్లు పెట్టుకుంది.

"కాకా, అండ్ల సాఫ్ట్‌వేర్ ఏం లేదు. నువ్వే ఉన్నవ్."

సంగతి విని జంగయ్యకు ఒళ్లు మండిపోయింది. ముప్పై ఏళ్లు పొడి పీల్చిన మనిషిని పనికిరాడని పంపి, ఆయన తెలివిని మాత్రం లోపలే అట్టిపెట్టుకున్నారు.

మర్నాడు పొద్దున ఇస్నాపూర్‌లో, ఇంట్లో ఉండగానే ఫోను మోగింది. 'పొడి ఆరిందా? తీయాలా, ఆపాలా?' చూడకుండా తీయమంటే, ఆరని వేడి ముద్ద డ్రైయర్ ముందున్న కూలీల మీద పడుతుంది. ఎంత కోపమున్నా అంత పాపం ఆయన చేయలేడు. 'ఆపు' అని కొట్టాడు. మళ్లీ అడిగింది. మళ్లీ 'ఆపు'. మధ్యాహ్నానికి నాలుగు డ్రైయర్లూ చల్లబడ్డాయి.

నిషితను నిలదీసి సంగతి తెలుసుకుని, సాయంత్రం మేనేజర్‌గారే జంగయ్య ఇంటి ముందు కారు దిగారు.

"ఏంటి జంగయ్యా, ఇలా చేస్తే ఎలా?"

"ఇంట్ల కూసొని ఎట్ల నలిపి సూడాలె సార్? రెండేండ్లకు కాయితం ఇయ్యుండ్రి, వస్త."

కాగితం మర్నాడే వచ్చింది. హర్షిణి చదివి వినిపించింది. తిరస్కరించిన అర్జీని మళ్లీ తెరిస్తే మేనేజర్‌గారి పరువేం కావాలి? అందుకే అందులో ఉద్యోగం ఊసే లేదు. 'డ్రైయర్ సాఫ్ట్‌వేర్, ఒకటి. పేరు జంగయ్య. రెండేళ్ల మెయింటెనెన్స్ ఖర్చు, నెలనెలా' అని ఉంది.

జంగయ్య లేచి టిఫిన్ డబ్బా అందుకున్నాడు.

"మనిషికి లేవన్న రెండేండ్లు మిషన్‌కు దొరికినయ్ బిడ్డా. నీ సదువు ఆగదు" అన్నాడు.