అమ్మ చేతికందిన బ్రేకు

ఇలా కూర్చో చిట్టీ, ఈ సైకిలు కథ సగం విని సగం రాయకు. ఈ ఐర్లండు వచ్చిన కొత్తలో మీ అమ్మ ఊరికి ఆ చివర బ్లాంచర్డ్స్‌టౌన్‌లో డ్యూటీ చేసి, రాని బస్సు కోసం నిలబడి నిలబడి, వాచిన కాళ్లతో ఇల్లు చేరేది. కారు కొనే స్తోమత లేదు. జోరుగా పోయే సన్న చక్రాల రోడ్డు సైకిలు, పాతదొకటి చూద్దామనుకున్నారు. "నా సైజుది కొంటే ఇద్దరం తొక్కొచ్చు అత్తయ్యా" అన్నాడు మీ నాన్న. నేనూ సరేనన్నాను.

ఆ వారమే రైల్లో నా పక్కన ఒక ఐరిష్ పెద్దావిడ కూర్చుంది. పొడుగు మనిషి. తన ఎత్తుకి తగ్గ అలాంటి సైకిలే పట్టుకుని ఉంది. అల్లుడి సైజుది కొంటున్నామని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ నా చెయ్యి తీసి తన సైకిలు హ్యాండిల్ మీద పెట్టి, "బ్రేకు నొక్కండి" అంది. నా వేళ్లు అందలేదు.

"మీ అమ్మాయి చేతులూ ఇంతేనా?"

ఇంతే. అలసిపోయిన పిల్ల, వానలో, దిగుడు రోడ్డు మీద! బ్రేకందకపోతే ఎలా ఆగుతుంది?

ఇంటికొచ్చి, "అమ్మాయి సైజుదే కొను బాబూ" అన్నాను మీ నాన్నతో.

"మరి నేనో?"

"నీకు బస్సుందిగా!"

రంగు పోయిన చిన్న సైకిలు దొరికింది. అన్నాళ్లూ తినకుండానే పడుకునే మీ అమ్మ, మొదటిరోజు దానిమీద వచ్చి, "అమ్మా, ఆకలేస్తోందే" అంది. నేను గబగబా కంచం తీసి... అదిగో, మీ అమ్మే అన్నానికి పిలుస్తోంది. ఆఁ, వస్తున్నానే, వడ్డించు!