రోజు తెలియని తేదీలు

బళ్ళారి ఆఫీసులో మా టీం లీడరక్కది తెక్కలకోట. ఏ దేశపు టైమునైనా మన టైములోకి మార్చే కోడ్ లైబ్రరీ ఆమెదే. మేం రాసిన కోడు మీద వేలు పెట్టి, "నీకెట్ల తెలుసప్పా?" అని అడిగేది.

నెల, సంవత్సరం మాత్రమే ఉన్న తేదీలొస్తే, రోజు దగ్గర ఒకటి పడేట్టు రాసినాను. వేలు అక్కడ ఆగింది.

"ఖాళీగా ఉంటే ప్రోగ్రాం ఆగిపోతుందక్కా."

"మా అమ్మకీ కార్డులో ఎవురో ఇట్లే జనవరి ఒకటి రాసినారు. ఏటా ఆ పొద్దు బ్యాంకోళ్ళు పుట్టినరోజు మెసేజీ పంపుతారు. ఆమె పుట్టింది వానాకాలం వరినాట్లప్పుడంట."

నా లైను తీసేసి, 'రోజు తెలియదు' అని చూపేట్టు రాసింది.

ఇంటికి పోయి, ఎప్పుడు పుట్టినావని మా నాయనను అడిగినాను.

"జనవరి ఒకటి. కార్డులో ఉండాది కదరా."

నీకెట్ల తెలుసని అడగబోయి, ఊరుకున్నాను.